క్లౌడ్‌లో ఉన్నంత మాత్రాన బ్యాకప్ ఉన్నట్టు కాదు: ఇంట్లోని మూడు ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్ సంగతి

మిగతా జవాబు తీరిగ్గా చదవవచ్చు. ముందు ఫోన్‌లో గూగుల్ ఫోటోస్ తెరిచి బిన్ చూడండి. ఫోన్ నిండిపోయిందని పోయిన నెలలో మీరు తొలగించిన ఫోటోలు ఇప్పుడు క్లౌడ్‌లో కూడా కనిపించడం లేదన్నారు కదా. అప్పటికే బ్యాకప్ అయిన ఫోటోను తొలగిస్తే అది బిన్‌లో 60 రోజులు ఉంటుంది. ఆ గడువు దాటితే ఎవరినీ అడిగి తెచ్చుకోలేరు. నెల రోజులే అయింది కాబట్టి అవి చాలావరకు అక్కడే ఉండాలి. అన్నింటినీ ఎంచుకుని రిస్టోర్ నొక్కండి. స్థలం కావాలంటే బిన్ ఖాళీ చేయమని యాప్ సూచిస్తుంది, ఆ మాట ఇప్పుడు వినకండి.

మీ పరిస్థితిని నేను అర్థం చేసుకున్నది ఇది. మీది ఆండ్రాయిడ్, మీ శ్రీమతిది ఐఫోన్, నాన్నగారిది పాత ఆండ్రాయిడ్. ఇంటికంతటికీ ఒక విండోస్ ల్యాప్‌టాప్. దాని డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అయిన వన్‌డ్రైవ్‌కు వెళ్తున్నాయి, ఫోటోలు గూగుల్‌కు వెళ్తున్నాయి. గూగుల్ ఇచ్చే 15 జీబీ నిండిపోయింది. నాన్నగారు డీటీపీ సెంటర్ నడిపిన రోజుల్లో పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో చేసిన ఫైళ్లు ఉన్నాయి. తమ్ముడు అమెరికాలో ఉన్నాడు. 100 జీబీ కొనుక్కుంటే ఇక నిశ్చింతగా ఉండవచ్చా అన్నది ప్రశ్న.

కొనండి, స్థలం అవసరమే. కానీ నిశ్చింత దానితో రాదు. కంప్యూటర్ల సర్వీసు పనిలో ఏళ్ల తరబడి ఉన్నవాడిగా చెబుతున్నాను: అన్నీ పోగొట్టుకుని మా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది క్లౌడ్ లేనివారు కారు. క్లౌడ్ ఉంది కదా అనే ధీమాతో రెండో కాపీ పెట్టుకోనివారు.

మీ ఫోటోలకు ఏం జరిగిందో చూస్తే కారణం తెలుస్తుంది. మీరు వాడుతున్నవన్నీ ప్రధానంగా సింక్ సేవలు, అంటే ఒకచోట జరిగిన మార్పును అన్నిచోట్లా చేసేవి. సింక్ ఉన్నచోట ఫోన్, క్లౌడ్ ఒకే గదికి ఉన్న రెండు తలుపుల వంటివి. ఏ తలుపులోంచి వెళ్లి వస్తువు తీసేసినా గదిలో ఆ వస్తువు ఉండదు. గూగుల్ ఫోటోస్ యాప్‌లో మామూలుగా తొలగించడమంటే ఫోన్ నుంచీ క్లౌడ్ నుంచీ కలిపి తొలగించడమే. ఫోన్‌లో మాత్రమే స్థలం కావాలంటే అదే యాప్‌లో 'ఫ్రీ అప్ స్పేస్' అని వేరే మార్గం ఉంది. అది భద్రంగా పైకి చేరిన ఫోటోలను మాత్రమే ఫోన్ నుంచి తీసేస్తుంది, క్లౌడ్ జోలికి పోదు. చూడటానికి రెండు పనులూ ఒకేలా ఉంటాయి, ఫలితం మాత్రం పూర్తిగా వేరు. యాప్ ఈ తేడాను ఇంకా గట్టిగా చెప్పాల్సింది. మీ తప్పేమీ లేదు.

కాబట్టి ఏది బ్యాకప్ అని తేల్చుకోవడానికి ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ ఫైలును నేనే పొరపాటున తొలగిస్తే ఆరు నెలల తర్వాత దొరుకుతుందా? ఫోను, ల్యాప్‌టాప్ రెండూ ఒకే సంచితో పోతే దొరుకుతుందా? రేపు నా అకౌంటులోకి నేనే వెళ్లలేకపోతే దొరుకుతుందా? రెండో ప్రశ్నకు క్లౌడ్ చక్కగా జవాబిస్తుంది. అందుకే క్లౌడ్‌ను వదలమని నేనెవరికీ చెప్పను. మొదటి ప్రశ్నకూ మూడో ప్రశ్నకూ ఒక్క క్లౌడ్‌తో జవాబు దొరకదు.

మొదటిదాని సంగతి చూడండి. గూగుల్ డ్రైవ్ బిన్‌లో తొలగించిన ఫైలు 30 రోజులు ఉంటుంది. వ్యక్తిగత వన్‌డ్రైవ్‌లోనూ 30 రోజులే. ఐఫోన్ ఫోటోల్లో 'రీసెంట్లీ డిలీటెడ్' కూడా దాదాపు అంతే. ఫైలు తొలగిపోలేదు గానీ లోపల పాడైంది అనుకోండి, పాత వెర్షన్లు కూడా చిరకాలం ఉండవు. డ్రైవ్‌లో మామూలు ఫైళ్ల పాత వెర్షన్లు 30 రోజులు, లేదా 100 వెర్షన్లు నిండేవరకే. కానీ ఇళ్లలో ఫైళ్లు పోయిన సంగతి 30 రోజుల్లో ఎవరికి తెలుస్తుంది? పాప మొదటి పుట్టినరోజు వీడియో లేదని మూడో పుట్టినరోజుకు తెలుస్తుంది. అందుకే గడువు లేని కాపీ ఒకటి మీ చేతిలో ఉండాలి. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ విషయంలోనూ ఇంతే. పాడైన ఫైళ్లను సింక్ నమ్మకంగా పైకి పంపుతుంది. మైక్రోసాఫ్ట్ 365 చందాదారులైతే వన్‌డ్రైవ్ మొత్తాన్ని గత 30 రోజుల్లో ఏదో ఒక సమయానికి వెనక్కి తిప్పుకోవచ్చు. ఆ సదుపాయం మంచిదే, దానికీ అదే గడువు ఉంది.

మూడో ప్రశ్నను చాలామంది కొట్టిపారేస్తారు, అంత పెద్ద కంపెనీలో పోతుందా అని. దక్షిణ కొరియాలో డేజాన్ నగరంలోని ప్రభుత్వ డేటా సెంటర్‌లో 2025 సెప్టెంబరు 26న లిథియం బ్యాటరీల వల్ల మంటలు లేచాయి. ప్రభుత్వోద్యోగులు పని ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ అనే వ్యవస్థ ఆ మంటల్లో కాలిపోయింది. 858 టెరాబైట్ల సమాచారం. మరోచోట దానికి బ్యాకప్ లేదు. ఫైళ్లను సొంత కంప్యూటర్లో కాకుండా అందులోనే దాచాలన్న నిబంధనను అక్షరాలా పాటించిన శాఖలే అందరికన్నా ఎక్కువ నష్టపోయాయి. గూగుల్, మైక్రోసాఫ్ట్, ఆపిల్ సేవలు ఒకచోటే పెట్టి ఊరుకోవు, ఇలా కాలిపోయే అవకాశం చాలా తక్కువ. వాటి విషయంలో నేను ఎక్కువగా భయపడేది అకౌంట్ మూతపడటం గురించి. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక తండ్రి తన చిన్నారి అనారోగ్యం గురించి డాక్టరుకు పంపడానికి తీసిన ఫోటోను గూగుల్ యంత్రం అసభ్య చిత్రంగా పసిగట్టి అకౌంటును మూసేసిన సంగతి 2022లో న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చింది. పోలీసులు ఆయన తప్పేమీ లేదని తేల్చినా అకౌంట్ తిరిగి రాలేదు. మెయిలు, ఫోటోలు, ఫోన్ నంబరు అన్నీ ఒకే తాళంచెవి కింద ఉండటం వల్ల అన్నీ కలిసి పోయాయి. ఇలాంటిది ఎంత అరుదైనా, జరిగిన ఇంటికి అది పూర్తి నష్టమే.

ఇక మీ ఇంటి పనిలోకి వద్దాం. అన్నింటికీ ఒకే రకం భద్రత ఇవ్వాలని చూస్తే అలసిపోయి ఏదీ చేయరు. మళ్లీ తెచ్చుకోగలిగినవి, ఎన్నటికీ తెచ్చుకోలేనివి అని ముందు విడదీయండి. ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు, బండి ఆర్‌సీ డిజిలాకర్‌లో మళ్లీ దొరుకుతాయి. పొలం రికార్డులు ఆంధ్రలో మీభూమిలో, తెలంగాణలో భూభారతిలో చూసుకోవచ్చు. ఈసీ మళ్లీ తీయించుకోవచ్చు. సినిమాలు, సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్లు, వాట్సాప్‌లో వచ్చిన శుభోదయం బొమ్మలు పోతే పోనివ్వండి. ఫోటోలు, ఇంట్లో తీసిన వీడియోలు, పెద్దవాళ్ల గొంతు రికార్డింగులు, నాన్నగారి ఫైళ్లు, మీరు సొంతంగా రాసుకున్న లెక్కలు, ఉత్తరాలు మాత్రం పోతే పోయినట్టే. నా సలహా అంతా ఈ రెండో రకం గురించే. మీ 15 జీబీలో ఎంత భాగం మొదటి రకంతో నిండిందో చూస్తే మీరే ఆశ్చర్యపోతారు. గూగుల్ స్టోరేజ్ పేజీలో పెద్ద ఫైళ్లను విడిగా చూపిస్తుంది, అక్కడి నుంచి మొదలుపెట్టండి. జీమెయిల్, డ్రైవ్, ఫోటోస్ మూడింటికీ కలిపి ఆ 15 జీబీ. అది పూర్తిగా నిండితే మెయిళ్లు రావడం కూడా ఆగిపోతుంది. ఉద్యోగాల కాల్ లెటర్లు, బ్యాంకు మెయిళ్లు అలాగే తప్పిపోతాయి.

స్థలం కోసం రెండో జీమెయిల్, మూడో జీమెయిల్ తెరిచి ఫోటోలు సర్దేవాళ్లను చాలామందిని చూశాను. దయచేసి ఆ దారి పట్టకండి. రెండేళ్లు వాడని అకౌంటును గూగుల్ తొలగించవచ్చు, ఈ నియమం 2023 డిసెంబరు నుంచి అమలులోకి వచ్చింది. ఫోటోలు పడేసి మరిచిపోయిన అకౌంట్లే ముందుగా ఆ వేటుకు గురవుతాయి. దానికి బదులు ఒక్క చందా తీసుకుని ఇంట్లోవాళ్లతో పంచుకోండి. గూగుల్ వన్‌లో మీతో పాటు ఇంకో ఐదుగురిని కుటుంబంగా చేర్చవచ్చు. స్థలం మాత్రమే ఉమ్మడి. ఒకరి ఫోటోలు మరొకరికి కనిపించవు.

మీ ఆండ్రాయిడ్ ఫోన్లో సరిచూడాల్సిన ముఖ్యమైన విషయం ఒకటుంది. గూగుల్ ఫోటోస్ తనంతట తానుగా కెమెరా ఫోల్డరునే పైకి పంపుతుంది. వాట్సాప్‌లో వచ్చిన ఫోటోలు, స్క్రీన్‌షాట్లు, డౌన్‌లోడ్లు వేరే ఫోల్డర్లు. వాటిలో కావలసినవాటికి మీరే అనుమతివ్వాలి. తమ్ముడు పంపిన ఫోటోలన్నీ వాట్సాప్‌లో వచ్చినవే అయితే అవి ఇప్పటివరకు ఎక్కడికీ చేరి ఉండకపోవచ్చు. నాణ్యత విషయానికొస్తే, 'స్టోరేజ్ సేవర్' పెడితే ఫోటో 16 మెగాపిక్సెళ్లకు తగ్గుతుంది, వీడియో 1080పీకి తగ్గుతుంది. ఫోన్లో చూసుకోవడానికి అది చాలు. కానీ అసలు కాపీ మరెక్కడైనా ఉన్నప్పుడే దాన్ని ఎంచుకోండి. ఫోన్ సెట్టింగుల్లో ఉండే గూగుల్ బ్యాకప్ అన్నది వేరే సంగతి. అది యాప్‌ల జాబితా, సెట్టింగులు, మెసేజులు, కాల్ వివరాల వంటివి చూసుకుంటుంది. ఫోన్ మెమరీలో మీరు దాచుకున్న పీడీఎఫ్‌లు, ఆడియో రికార్డింగులు అన్నీ అందులో చేరిపోతున్నాయని అనుకోవద్దు. కాల్ రికార్డింగులలో అమ్మమ్మ గొంతు ఉందని రాశారు. వాటిని ఈరోజే ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేయండి, ఆలస్యం వద్దు.

నాన్నగారి ఫోన్లో ముందు చూడాల్సింది కాంటాక్టులు. పాత ఫోన్లలో నంబర్లు సిమ్‌లోనో, ఫోన్ మెమరీలోనో సేవ్ అయి ఉంటాయి. అవి క్లౌడ్‌కు వెళ్లవు. కాంటాక్ట్స్ యాప్‌లో వాటిని గూగుల్ అకౌంటులోకి దిగుమతి చేసి, కొత్త నంబర్లు సేవ్ అయ్యే చోటును కూడా అకౌంటుకు మార్చండి.

వాట్సాప్ బ్యాకప్ గురించి ఒకప్పటి మాట ఇప్పుడు చెల్లదు. ఆండ్రాయిడ్‌లో అది గూగుల్ కోటాలో లెక్కకు రాదని 2018లో ప్రకటించారు. 2024లో ఆ వెసులుబాటు పోయింది, ఇప్పుడు అది కూడా మీ 15 జీబీలోంచే తింటుంది. బ్యాకప్‌లో వీడియోలు చేర్చకుండా ఆపితే భారం బాగా తగ్గుతుంది. ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ (మీ కీ లేకుండా ఎవరూ చదవలేకుండా తాళం వేయడం) పెట్టుకుంటే మంచిదే, కానీ ఆ పాస్‌వర్డు గానీ 64 అంకెల కీ గానీ పోతే కంపెనీ కూడా తెరవలేదు. ఇంకో మాట: ఆండ్రాయిడ్ నుంచి గూగుల్‌కు చేరిన వాట్సాప్ బ్యాకప్‌ను ఐఫోన్‌లో తెరవలేరు. ఫోన్ రకం మార్చేటప్పుడు రెండు ఫోన్లనూ పక్కపక్కన పెట్టి నేరుగా బదిలీ చేయాలి. పాత ఫోన్‌ను ముందే ఎక్స్ఛేంజిలో ఇచ్చేస్తే చాట్లు పోయినట్టే.

మీ శ్రీమతి ఐఫోన్‌లో ఐక్లౌడ్ ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. ఐక్లౌడ్ ఫోటోస్ ఆన్‌లో ఉంటే ఆ ఫోటోలు ఐక్లౌడ్ బ్యాకప్‌లో విడిగా చేరవు. అంటే రాత్రిపూట జరిగే ఐక్లౌడ్ బ్యాకప్‌లో ఫోటోల రెండో కాపీ ఉందనుకోవడం పొరపాటు. ఉన్నది ఒకటే కాపీ, దాన్నే అన్ని పరికరాలూ చూస్తున్నాయి. పైగా 'ఆప్టిమైజ్ స్టోరేజ్' ఆన్‌లో ఉంటే ఫోన్లో ఉండేవి చిన్న బొమ్మలే, పూర్తి ఫోటో ఐక్లౌడ్‌లోనే ఉంటుంది. ఆమె ఫోటోలను డిస్కులోకి దించాలంటే ముందు ల్యాప్‌టాప్‌లో ఐక్లౌడ్ తెరిచి అసలు ఫైళ్లను దించుకోవాలి, కేబుల్ పెట్టి కాపీ చేస్తే సరిపోదు.

ల్యాప్‌టాప్‌లో వన్‌డ్రైవ్ గుర్తులు చదవడం నేర్చుకోండి. ఫైలు పక్కన నీలం మేఘం ఉంటే ఆ ఫైలు ల్యాప్‌టాప్‌లో లేదు, పేరు మాత్రమే ఉంది. తెల్లని వృత్తంలో ఆకుపచ్చ టిక్ ఉంటే ప్రస్తుతం ఉంది. నిండు ఆకుపచ్చ వృత్తంలో తెల్లటి టిక్ ఉంటే ఎప్పటికీ ఉంచమని మీరు చెప్పినది. విండోస్‌లో ఉండే ఫైల్ హిస్టరీతో బయటి డిస్కుకు బ్యాకప్ పెట్టినప్పుడు, వన్‌డ్రైవ్‌లోని మేఘం గుర్తు ఫైళ్లు అందులో చేరవు. డిస్కులో అన్నీ ఉన్నాయనుకుని తెరిస్తే అసలు కావలసినవే ఉండవు. అందుకే ముఖ్యమైన ఫోల్డర్లపై కుడి క్లిక్ చేసి, ఎప్పుడూ ఈ పరికరంలో ఉంచాలన్న ఎంపిక పెట్టండి. వన్‌డ్రైవ్ ఉచిత స్థలం కూడా 5 జీబీయే. అది నిండాక కొత్త ఫైళ్లు పైకి వెళ్లడం ఆగిపోతుంది. మూలన వచ్చే ఆ చిన్న హెచ్చరికను నెలల తరబడి చూడని ఇళ్లు ఎన్నో. డెస్క్‌టాప్ బ్యాకప్‌ను ఆపినప్పుడు డెస్క్‌టాప్ ఖాళీ అయిందని కంగారుపడి ఫోన్ చేసేవారూ ఉన్నారు. ఫైళ్లు పోవు, వన్‌డ్రైవ్ ఫోల్డరు లోపలి డెస్క్‌టాప్ ఫోల్డరులో ఉంటాయి.

ట్యాలీ వంటి లెక్కల సాఫ్ట్‌వేర్ వాడుతుంటే దాని డేటా ఫోల్డరును నేరుగా సింక్ ఫోల్డరులో పెట్టి పనిచేయకండి. అలాంటి డేటా అనేక ఫైళ్లుగా ఒకేసారి మారుతుంటుంది, సగం మారినవి పైకి వెళ్తే మొత్తం చెడుతుంది. సాఫ్ట్‌వేర్‌లోనే బ్యాకప్ తీసి, ఆ బ్యాకప్ ఫైలును క్లౌడ్‌లో పెట్టండి.

నాన్నగారి పేజ్‌మేకర్ ఫైళ్ల గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు. నాకు మాత్రం మీ ప్రశ్న మొత్తంలో అన్నింటికన్నా ప్రమాదంలో ఉన్నది అదే అనిపించింది. 1990ల నుంచి తెలుగు నాట డీటీపీ సెంటర్లలో అచ్చుకు వెళ్లిన పెళ్లిపత్రికలు, కవితా సంపుటాలు, ఊరి చరిత్రలు, సావనీర్లు ఎన్నో అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కూర్చినవే. ఆ ఫాంట్లు యూనికోడ్ కాదు, అంటే ఇప్పటి ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ గుర్తించే అక్షర పద్ధతిలో లేవు. ఫైలులో నిజానికి ఉన్నవి ఇంగ్లిషు అక్షరాల, గుర్తుల కోడ్లు. ఆ ఫాంటు ఉంటేనే అవి తెలుగుగా కనబడతాయి. ఫాంటు లేని కంప్యూటర్లో అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. కాబట్టి ఫైలును ఎన్ని క్లౌడ్లలో దాచినా, ఫాంటును దాచకపోతే దాచింది అక్షరాలను కాదు. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7, అది 2001 నాటిది. కొత్త విండోస్‌లో దాన్ని నడిపించడమే కష్టం. ఆ పాత కంప్యూటర్ ఇంకా తెరుచుకుంటూ ఉంటే దాన్ని అమ్మకండి, ఫార్మాట్ చేయకండి.

చేయాల్సింది ఈ క్రమంలో. ముందు పీఎండీ, పీ65 అనే పొడిగింపులున్న ఫైళ్లన్నీ ఉన్న ఫోల్డర్లను ఉన్నవి ఉన్నట్టుగా కాపీ చేయండి, ఫోల్డర్ల పేర్లు, వరుస మార్చవద్దు. పేజ్‌మేకర్‌లో పెట్టిన బొమ్మలు చాలాసార్లు ఫైలు లోపల ఉండవు, వేరే ఫోల్డరులో ఉన్న బొమ్మకు లింకు మాత్రమే ఉంటుంది. ఆ ఫోల్డరు కదిలితే పేజీలో బొమ్మ నాణ్యత పోతుంది, లేదా బొమ్మే కనిపించదు. ఆ కాపీతో పాటే ఫాంట్ల ఫోల్డరునూ, ఇన్‌స్టాల్ చేసిన సీడీనీ కాపీ చేయండి. ఆ తర్వాత పాత కంప్యూటర్లోనే ఒక్కొక్క పనినీ తెరిచి, ఫాంటు అందులోనే చేరేలా పీడీఎఫ్ తీయండి. పీడీఎఫ్ అయితే ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఏ ఫోన్లోనైనా తెలుగుగానే చదవవచ్చు. చివరగా, మళ్లీ అచ్చు వేయాలనుకునే పుస్తకాల పాఠాన్ని కన్వర్టరుతో యూనికోడ్‌కు మార్చి దాచండి. కన్వర్టర్లు ఒత్తులను, కొన్ని సంయుక్తాక్షరాలను తప్పుగా మారుస్తాయి కాబట్టి పీడీఎఫ్‌ను పక్కన పెట్టుకుని సరిచూడాలి. నాన్నగారి ఓపిక, ఆయన కళ్లు బాగున్న ఈ రోజుల్లోనే ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. ఏ ఫైలు ఎవరి పుస్తకమో చెప్పగలిగేది ఆయన ఒక్కరే. ఆయన చెప్పిన వివరాలను అదే ఫోల్డరులో యూనికోడ్‌లో టైపు చేసిన ఒక చిన్న ఫైలుగా పెట్టండి. రాయదగిన సీడీలలో దాచినవి ఉంటే వాటిని ముందుగా తీయండి, అవి కాలంతో పాటు పాడవుతాయి. యూఎస్‌బీకి తగిలించే డీవీడీ డ్రైవు ఒకటి కొంటే ఈ పనికి సరిపోతుంది.

రెండో కాపీకి బయటి హార్డ్‌డిస్కు చాలు. అమెరికన్ ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం మీకు సరిగ్గా సరిపోతుంది: మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి ఇంటి బయట. ల్యాప్‌టాప్‌లో ఒకటి, డిస్కులో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి అనుకుంటే లెక్క కుదిరింది. డిస్కును ఎప్పుడూ ల్యాప్‌టాప్‌కు తగిలించి ఉంచకండి. కాపీ అయ్యాక తీసి బీరువాలో పెట్టండి. రాన్సమ్‌వేర్ తగిలించి ఉన్న డిస్కునూ వదలదు, పిడుగుపాటుకు వచ్చే కరెంటూ వదలదు. వీలైతే రెండు డిస్కులు కొని, ఒకటి సొంతూరిలో ఉంచి, పండగకు వెళ్లినప్పుడల్లా మార్చుకోండి. విండోస్ 11 ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కుకు ఎన్‌క్రిప్షన్ తనంతట తానే పడి ఉండవచ్చు. ల్యాప్‌టాప్ చెడిపోయి లోపలి డిస్కును మరో యంత్రంలో చదవాలంటే 48 అంకెల రికవరీ కీ కావాలి. అది మామూలుగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంటులో ఉంటుంది. ఇప్పుడే చూసి కాగితంపై రాసుకోండి. ఆ కీ లేక, డిస్కు నిక్షేపంగా ఉన్నా ఏమీ చేయలేక వెనక్కి పంపిన సందర్భాలు మా పనిలో ఉన్నాయి. ఆ ముఖాలు చూడటం చాలా కష్టం.

గూగుల్‌లో ఇప్పటికే ఉన్నవాటిని డిస్కులోకి దించడానికి గూగుల్ టేకౌట్ వాడండి. జిప్ ఫైళ్లుగా ఇస్తుంది, ఒక్కొక్కటి ఎంత పెద్దదిగా ఉండాలో ఎంచుకోవచ్చు. లింకు వారం రోజులే పనిచేస్తుంది కాబట్టి నెట్ బాగున్న రోజుల్లో పెట్టుకోండి. ఫోటోలతో పాటు జేసన్ అనే చిన్న ఫైళ్లు వస్తాయి. ఫోటో తేదీ, వివరణ వంటివి వాటిలో ఉంటాయి, చెత్త అనుకుని తీసేయకండి.

మొదటిసారి పైకి పంపడానికి ఎంత సమయం పడుతుందో ముందే లెక్క వేసుకుంటే నిరాశ ఉండదు. మీ దగ్గర 200 జీబీ ఉందనుకుందాం. 30 ఎంబీపీఎస్ అప్‌లోడ్ వేగమున్న బ్రాడ్‌బ్యాండ్‌తో ఆగకుండా వెళ్తే దాదాపు 15 గంటలు. రోజుకు 2 జీబీ ఇచ్చే మొబైల్ ప్లానుతో అయితే, ఆ డేటా మొత్తం దీనికే పోయినా 100 రోజులు. మీ ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ లేదంటే తెలిసినవారి ఇంట్లో ఒక రాత్రి ల్యాప్‌టాప్ పెట్టి పని కానివ్వండి. డేటా అయిపోకుండా ఫోన్లలో వైఫై ఉన్నప్పుడు మాత్రమే అప్‌లోడ్ అయ్యేలా పెట్టుకోవడం మంచిదే. కానీ వైఫైకి ఎన్నడూ తగలని ఫోన్లో అది బ్యాకప్ లేకపోవడంతో సమానం. నాన్నగారి ఫోన్ అలాంటిదే అని నా అనుమానం.

భూమి దస్తావేజులు, పాన్, బ్యాంకు కాగితాల స్కాన్లను క్లౌడ్‌లో నేరుగా ఉంచడం ఇష్టం లేకపోతే క్రిప్టోమేటర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఫైళ్లను మీ కంప్యూటర్లోనే తాళం వేసి పైకి పంపుతుంది. ఎలా దాచినా, 'లింకు ఉన్నవారెవరైనా చూడవచ్చు' అన్న ఎంపికతో ఇలాంటి ఫైళ్లను ఎవరికీ పంపకండి.

అకౌంట్ భద్రతలో మన ఇళ్లలో తరచూ కనిపించే లోపం పాత ఫోన్ నంబరు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం ప్రీపెయిడ్ సిమ్‌ను 90 రోజులు ఏ విధంగానూ వాడకపోతే కంపెనీ దాన్ని నిలిపివేయవచ్చు. కొంతకాలానికి ఆ నంబరు మరొకరికి వెళ్తుంది. మీ తమ్ముడు ఇక్కడి నంబరుతోనే జీమెయిల్ తెరిచి, అమెరికా వెళ్లాక ఆ సిమ్‌ను రీఛార్జ్ చేయకుండా వదిలేసి ఉంటే, అతని అకౌంట్ రికవరీ కోడ్ వెళ్లేది ఎవరో తెలియని మనిషి ఫోనుకు. ఈ వారమే అతనితో మాట్లాడి మార్పించండి. మీ అందరి అకౌంట్లకూ రెండంచెల ధ్రువీకరణ పెట్టండి. గూగుల్ ఇచ్చే పది బ్యాకప్ కోడ్లను ప్రింటు తీసి దస్తావేజుల సంచిలో పెట్టండి. ఫోన్ పోయిన రోజున ఓటీపీ కూడా పోయిన ఫోనుకే వస్తుంది. ఆ రోజు మిమ్మల్ని లోపలికి పంపేది ఆ కాగితమే.

ఇవన్నీ అమర్చాక ఒక పరీక్ష చేయండి. ఎక్కువమంది వదిలేసేది దీన్నే. మీ ల్యాప్‌టాప్ ముట్టుకోకుండా, పక్కింటివారి కంప్యూటర్లో డిస్కు తగిలించి ఐదారు ఫైళ్లు తెరవండి. ఒక పాత వీడియో చివరివరకు నడవాలి, నాన్నగారి పీడీఎఫ్ తెలుగులో కనబడాలి. 2019 ఫోల్డరులో ఎన్ని ఫోటోలున్నాయో క్లౌడ్‌లోని సంఖ్యతో పోల్చండి. తెరిచి చూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్‌గా లెక్కించను. సంక్రాంతికి ఒకసారి, పిల్లల వేసవి సెలవుల్లో ఒకసారి, దసరాకు ఒకసారి ఇలా చూసుకుంటే ఒక ఇంటికి చాలు.

నాన్నగారి అకౌంటు విషయంలో అడగడానికి మొహమాటపడే మాట ఒకటుంది, నేనే చెబుతాను. గూగుల్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ ఉంది. 3, 6, 12, లేదా 18 నెలలు అకౌంట్ వాడకపోతే ఏ సమాచారం ఎవరికి చేరాలో ఆయనే ఎంచుకోవచ్చు, పదిమంది వరకు పేర్లు పెట్టవచ్చు. ఐఫోన్‌లో లెగసీ కాంటాక్ట్ అని ఇలాంటిదే ఉంది. దానికి ముందుగా ఇచ్చే యాక్సెస్ కీ, తర్వాత మరణ ధ్రువీకరణ పత్రం రెండూ కావాలి. కీ లేకపోతే కుటుంబ సభ్యులు చాలా తిరగాల్సి వస్తుంది. నాన్నగారిది మీ పేరుతో, మీది మీ శ్రీమతి పేరుతో, ఆమెది మీ పేరుతో పెట్టుకోండి. ఆయన ఫోన్ సరిచేసే రోజునే, ఆయన పక్కన కూర్చుని, ఆయన చేతనే ఎంపికలు చేయించండి.